రంగు వేసిన పంపు

గరుకు కాగితంతో పంపుకు ఒక పక్క తుప్పు గీకి, క్రిస్పులో అనే అతను రెండో పక్క మొదలుపెట్టాడు. పేట పంచాయతీ ఆఫీసైన బరంగాయ్ హాలు పక్క షెడ్డులో, మంటలార్పే ఆ పంపుకు రంగు వేయబోతున్నాడు. పది గంటలకు నగరసభ నుంచి తనిఖీకి ఒక అధికారిణి వస్తోంది. స్వచ్ఛంద అగ్నిమాపక దళాలకు పంపులు కొనివ్వడానికి ఈ ఏడు నిధులు వచ్చాయి. రేవుపేట దళం మూడేళ్లుగా అర్జీ పెడుతోంది. ఉన్న పంపు పనికిరాదని ఆమె రాస్తే కొత్తది వస్తుంది.

అతనికి యాభై తొమ్మిదేళ్లు. ఐసు ఫ్యాక్టరీలో వెల్డరు. దళంలో ముప్పై ఒక్క ఏళ్లుగా జీతం లేని పని. ఎడమ కనుబొమ ఒక గోదాము మంటల్లో పోయింది, మళ్లీ మొలవలేదు.

భార్య లుదివినా పాందెసాల్ రొట్టెలు తెచ్చింది. "మన గుమ్మానికి వెయ్యమంటే రంగు లేదన్నావు?"

"మనింటికీ నగరసభ వాళ్లొస్తే వేస్తాలే."

ఆ పేటలో ఎవరింటికి చుట్టం వచ్చినా ముందు చిరిగిన దుప్పటి దాస్తారు, పక్కింటి కుర్చీ తెచ్చి వేస్తారు. క్రిస్పులో గొట్టానికి పడ్డ చిల్లులన్నిటికీ ట్యూబు ముక్కలు అంటించాడు. పంపు ఇంజనుకు కొత్త ప్లగ్గు బిగించాడు.

అధికారిణిని వెంటబెట్టుకొచ్చిన దళం కెప్టెన్ ఎఫ్రెన్ గడప దగ్గరే ఆగిపోయాడు. పంపు ఎర్రగా మెరుస్తోంది.

"స్టార్ట్ చేయండి," అంది ఆమె.

మామూలు రోజుల్లో పదకొండుసార్లు తాడు లాగాలి. ఆ రోజు ఒక్క లాగుకే అందుకుంది.

"ఎన్నేళ్లది?"

"ఇరవై ఆరు, మేడమ్."

"అలా లేదే! బాగా చూసుకున్నారు."

క్రిస్పులో నవ్వాడు. నగరసభ మనిషి అతన్ని మెచ్చుకోవడం అదే మొదలు. ఆమె 'పనిచేయు స్థితిలో ఉంది' అని రాసింది.

"అరగంటకే వేడెక్కి ఆగిపోద్ది మేడమ్," అన్నాడు ఎఫ్రెన్.

"చూసిందే రాయాలి సార్. పంపు పనిచేస్తుంటే ఇంకో ఐదేళ్లదాకా కొత్తది రాదు."

పేటలో చిన్నవాళ్లు క్రిస్పులోను 'మాంగ్ పూలో' అంటారు, పూలో బాబాయ్ అన్నట్టు. జీపు వెళ్లిపోయాక ఎఫ్రెన్ అన్నాడు: "శవానికి పౌడరు పూసి, బతికే ఉందని చూపించావు కదా మాంగ్ పూలో!"

"తుప్పుతో ఎలా చూపిస్తాం? మనల్ని ఏమనుకుంటారు?"

"దిక్కులేనోళ్లనుకుంటారు. మనక్కావాల్సింది అదే!"

క్రిస్పులో బ్రష్షును కిరసనాయిల్లో ముంచాడు. అది శుభ్రపడ్డాక కూడా చాలాసేపు కడుగుతూనే ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం మూడు గంటలకు సైరన్ మోగింది. మార్కెట్ వెనక వరుసలో స్టవ్ పేలింది. పంపు ఇరవై ఎనిమిది నిమిషాలు నడిచి ఆగింది. క్రిస్పులో తాడు లాగాడు. లాగుతూనే ఉన్నాడు. చేతికి రంగు అంటుకుంది గానీ పంపు అందుకోలేదు. తాడు వదిలేసి, బకెట్లందించే మనుషుల వరుసకు ముందు, పొగలో నిలబడ్డాడు. నగరసభ ఫైరింజను వచ్చేలోపు ఇంకో నాలుగిళ్లు పోయాయి.

మంట ఆరాక అతను మురుగుకాలవ గట్టు మీద కూర్చున్నాడు. ఇల్లు కాలిన వాళ్లలో ఒకావిడ, వెనక వీధిలో కాచిన కాఫీని తన కప్పులో పోయించుకొచ్చింది.

"తాగండి మాంగ్ పూలో. చక్కెర లేదు, కాలిపోయింది."

"చేదే మంచిదిలే అమ్మా."

రెండు గుక్కలు తాగి కప్పు పక్కన పెట్టాడు. వెనకున్న గోడకు తల ఆనించాడు.

కొంతసేపటికి ఎఫ్రెన్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"లే మాంగ్ పూలో. పంపు తోసుకెళ్దాం." క్రిస్పులో కదల్లేదు. "పొద్దున అన్నదానికి కోపమొచ్చిందా? లే." భుజం మీద చెయ్యి వేశాడు. ఛాతీ ఊపిరికి లేవడం లేదు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

నలుగురు అతన్ని మోసుకెళ్లారు. పంపును తోయడానికి మనుషులు మిగల్లేదు.

కప్పు గట్టు మీదే ఉంది. కాఫీ తెచ్చిన ఆవిడ ఇంట్లోంచి బయటపడ్డ వస్తువు అదొక్కటే. దానికోసం ఆవిడ రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ ముట్టుకోకుండా వెళ్లింది. మిగిలిన కాఫీ మీద బూడిద పడుతూ ఉంది.