లూకా పలికిన సాయంత్రం

రాజమండ్రి పాత్రల సందులో సాయంత్రం అయిదింటికి గిన్నెలు ఇళ్ళకి మళ్ళుతాయి. పొద్దున పక్కింటికి కూర మోసుకెళ్ళిన టిఫిను గిన్నె, చర్చి విందుకి వెళ్ళి అక్కడే ఉండిపోయిన గుండిగ, గుడిలో ప్రసాదానికిచ్చిన పళ్ళెం, ఏదైనా సరే. నూకరత్నం గారు పేరు కొట్టినవైతే చాలు, రోడ్డు వారగా దొర్లుకుంటూ వచ్చి ఎవరి గుమ్మంలో వాళ్ళవి ఆగుతాయి. మోటారుసైకిళ్ళ వాళ్ళు కాస్త పక్కకి తీసి దారిస్తారు. ఇల్లాలు చప్పుడు విని, "వచ్చావా" అని తీసి కడిగి బోర్లిస్తుంది. అంతే.

నూకరత్నం గారికి డెబ్బై దాటాయి. పేర్లు చెక్కే మెషీన్లు వచ్చినా ఆవిడ చిన్న ఉలి, చిన్న సుత్తితోనే చుక్క చుక్కగా కొడతారు. కొట్టే ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటారు. ఆవిడ కొట్టు మీది మేడలో వినీల అద్దెకుంటుంది. మిషన్ ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే పని. రోజూ మెట్లు దిగుతూ "వెళ్ళొస్తాను మామ్మగారూ" అంటుంది. ఆవిడ తలెత్తకుండానే "క్షేమంగా వెళ్ళిరా తల్లీ" అంటారు.

ఆ గురువారం మాత్రం ఆ మాటకి తీరిక లేకపోయింది. ఆసుపత్రి సర్వర్‌లో డిస్కు పోయిందని పొద్దున్నే ఫోను. డిస్కుదేముంది, ఇంకోటి వేసుకోవచ్చు. కాని అరుదైన రక్తం ఇచ్చేవాళ్ళ జాబితా అందులోనే ఉంది. చర్చిలో హార్మోనియం వాయించే ఆరోన్ భార్య క్రిస్టినాకి మర్నాడు పొద్దున కాన్పు ఆపరేషన్. ఆమెది లక్షలమందిలో ఒకరికుండే రక్తం. కాకినాడలో అడిగారు, విజయవాడలో అడిగారు, లేదన్నారు. ఆ రక్తం పక్కన లేకుండా ఆపరేషన్ మొదలుపెడితే తల్లిని దక్కించుకోలేమేమోనని డాక్టరమ్మ ఆరోన్‌కి చెప్పేసింది.

జాబితాకి బ్యాకప్ నకలు ఉంది. దాన్ని దాచే పెట్టెతోనే వచ్చింది చిక్కు. ఆ పెట్టెని వర్చువల్ టేప్ లైబ్రరీ అంటారు. నిజానికి అందులో టేపులూ లేవు, టేపులు చదివే డ్రైవులూ లేవు, ఉన్నవి డిస్కులే. కాని సర్వర్‌తో మాత్రం నాలో టేపులూ, నాలుగు డ్రైవులూ ఉన్నాయని చెబుతుంది, సర్వర్ నమ్ముతుంది. రెండేళ్ళ కిందట పెట్టె తెచ్చిన రోజున, ఏ డ్రైవు ముందు పలికితే దానికి ఒకటి, తర్వాతదానికి రెండు అని పేర్లు పెట్టింది వినీలే. ఇప్పుడు కరెంటు తీసి వేసేసరికి అవి పలికే వరస మారిపోయింది. జాబితా ఉన్న ఆ ఉత్తుత్తి టేపుని మూడో డ్రైవులో పెట్టమంటే పెట్టె పెడుతోంది. సర్వరేమో వేరేదాన్ని మూడోదనుకుని తెరిచి, ఇందులో టేపు లేదంటోంది. వరస చూసి దిద్దుకునేలోపు పెట్టెకీ సర్వర్‌కీ మధ్య లైను ఒకసారి తెగి అతుక్కునేది, మళ్ళీ అంతా తారుమారు.

పెట్టె అమ్మిన కంపెనీ ఇంజనీరు ప్రసన్నకుమార్ ఫోనులో అన్నాడు. "వరసతో పని లేదు మేడమ్. ప్రతి డ్రైవుకీ సొంత నంబరుంటుంది, పేరు దానికి కట్టండి."

"నాలుగూ ఒకటే నంబరు చెబుతున్నాయండి."

"అయితే మా మనిషి రావాలండి. సోమవారం."

"సోమవారం దాకా ఆగే కాన్పు కాదండి ఇది."

మధ్యాహ్నం ఆటో ఎక్కి వినీల సందులోకి వచ్చింది. సంగతంతా విని నూకరత్నం గారు ఉలి కింద పెట్టారు.

"పంక్తిలో కూర్చున్న చోటే పేరనుకున్నావా తల్లీ? చెయ్యి కడుక్కొచ్చేసరికి వరస మారదూ? పేరు గిన్నెకుండాలి గాని, గిన్నె పెట్టిన చోటుకి కాదు."

"తప్పు నాదే మామ్మగారూ. కాని పేరు కొట్టడానికి అవి లేవు. ఉన్నట్టు చెప్పుకుంటుంది, అంతే."

"నువ్వు రోజూ ప్రార్థించే ఆయన నీ కళ్ళకి కనబడుతున్నాడేంటి? పద."

సర్వర్ గది ముందు కాపలా ఉండే భీమరాజు చెప్పులు విప్పించి, "మామ్మగారూ, పన్లో పనిగా నా క్యారేజీకి కూడా ఓ పేరు కొట్టండి. మా బావమరిది ఇంట్లోనే ఉండిపోతోంది" అన్నాడు.

"క్యారేజీ వస్తుంది నాయనా. అందులో కూర మాత్రం మీ బావమరిదే తినేస్తాడు."

పెట్టె ముందు ఆవిడ చతికిలబడి అడిగారు. "ఏం పేర్లు? అంకెలు చెప్పకు, మళ్ళీ వరసే అవుతుంది."

వినీల ఆలోచించింది. "మత్తయి, మార్కు, లూకా, యోహాను."

నూకరత్నం గారు కళ్ళు మూసుకుని తెరిచారు. పెట్టె స్టీలు అంచు మీద ఉలి టకటకమంటుంటే వినీల మళ్ళీ ప్రసన్నకుమార్‌కి ఫోను కలిపింది. "ఏంటండీ ఆ చప్పుడు?" అన్నాడతను.

"పేర్లు కొడుతున్నారండి నూకరత్నం గారు."

"ఓహో. మంచిదండి. అయ్యాక ఒకసారి రీస్టార్ట్ చేయండి."

చేసింది. నాలుగు డ్రైవులు నాలుగు వేర్వేరు నంబర్లతో పలికాయి. వాటికే ఆ నాలుగు పేర్లూ కట్టింది. కావాలని లైను పీకి పెట్టింది. తెర మీద వరస మారింది, యోహాను ముందొచ్చాడు, మత్తయి చివర నిలబడ్డాడు. కాని పిలిస్తే ఎవరికి వారే పలికారు. టేపు లూకాలో పెట్టమంది. లూకాయే తెరుచుకున్నాడు. నాలుగున్నరకి జాబితా తెర మీదికి వచ్చింది.

మూడు పేర్లున్నాయి. ఒకాయన పోయిన ఏడాదే కాలం చేశాడు. ఇంకొకాయన ఎక్కడో గుజరాత్‌లో ఉన్నాడు. మూడోది రామలక్ష్మి, కడియం నర్సరీలో గులాబీలు అంటుకట్టే ఆవిడ. కూతురి కాన్పుకొచ్చినప్పుడు రక్తం చూపించుకుని పేరు రాయించుకుంది.

"నా పేరు ఇంకా ఉంచారా అండి?" అని అడిగింది ఫోనులో. "ఆరింటికల్లా వచ్చేస్తాను."

గోళ్ళలో మట్టితోనే వచ్చి, చేతులు కడుక్కుని రక్తమివ్వడానికి మంచమెక్కింది. రాత్రికి ఆసుపత్రిలోనే ఉండిపోయింది. మర్నాడు క్రిస్టినాకి డాక్టరమ్మ భయపడినట్టే రక్తం ధారగా పోయింది. పోయినదాని చోట రామలక్ష్మి రక్తం ఎక్కింది. పదిన్నరకి తల్లీ క్షేమం, పాపా క్షేమం అన్నారు.

ఆరోన్ వచ్చి రామలక్ష్మి ఎదుట నిలబడ్డాడు.

"నన్ను బస్సెక్కించు బాబూ" అంది ఆవిడ. "లారీ వచ్చేస్తుంది. నాలుగొందల మొక్కలు ఎక్కించాలి."

అతను ఆవిడ సంచీ అందుకుని బస్టాండు దాకా నడిచాడు. కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాడు. ఈవిడని కడియంలో జాగ్రత్తగా దించమని కండక్టరుకి రెండుసార్లు చెప్పాడు. బస్సు కదిలి మలుపు తిరిగాక కూడా అతని చేతులు జోడించే ఉన్నాయి. వాళ్ళ వెనకే వచ్చిన వినీల దేవుణ్ణి తలుచుకుని తనూ చేతులు జోడించింది.