లోపలి గొళ్ళెం

చెప్పండి, మీరేం చూశారు? చేవెళ్ళ బస్సులో కిటికీ పక్కనే కూర్చున్నారు కదా. మొయినాబాద్ దగ్గర హిమాయత్‌నగర్ మలుపులో బస్సు ఆగింది. షేర్ ఆటోల వెనుక, రేకుల ఇంటి ముందర, ఎనిమిది మంది మేనా బోయీలు తలగుడ్డలు విప్పి, భుజాలు రుద్దుకుంటూ, చెంబుతో నీళ్ళు తాగుతున్నారు. చూశారా లేదా? ఫోన్లో తల పెట్టుకుంటే ఏం కనపడుతుంది! మీ పక్క సీటు ముసలాయన చూశాడు. "లిదియమ్మ ఇయ్యాల ఏదో పెద్ద పుస్తకమే పట్టినట్టున్నది" అని సంచి సర్దుకుని మళ్ళీ కునుకు తీశాడు.

లిదియమ్మకు అరవై మూడేళ్ళు. ఆమె పని, పాతకాలపు రాజుల ప్రేమ నవలలు చదివి, అవి ఎట్లా ఉన్నాయో నలుగురికీ చెప్పడం. నవ్వకండి. ద్రాక్షతోటల్లో కూలి చేసుకుంటూ, ఆదివారం చర్చిలో బైబిలు మీద వేలు పెట్టి అక్షరాలు కూడబలుక్కున్న మనిషి. పగటి బువ్వ దగ్గర తోటి కూలీలకు నవలలు చదివి వినిపించి, బాగాలేని చోట ఆపి తిట్టేది. ఇప్పుడు కోడలు దీవెన ఫోను పట్టుకుంటే అదే తిట్టు తిడుతుంది, నలభై వేల మంది వింటున్నారు. పట్నం ప్రచురణకర్తలు పంపే పార్శిళ్ళు ఆటో అడ్డాలో యాదగిరి పాన్‌డబ్బా దగ్గర దిగుతాయి.

కూర్చుని చదవడం ఆమెకు చేతకాదు. కూర్చుంటే కాళ్ళు గుంజుతాయి. వాకిట్లో రంజన్ కుండ నిండా నీళ్ళు పోసి, పుస్తకం పట్టుకుని, అటూ ఇటూ తిరుగుతూ పైకి చదువుతుంది. చదువుతుంటే పుస్తకంలోంచి మనుషులు దిగుతారు. రాజు రాడు, రాణి రాదు. వాళ్ళకేం దాహం? మేనా మోసినవాళ్ళు, దివిటీ పట్టినవాళ్ళు, గుర్రానికి గడ్డి వేసినవాళ్ళు, రచయిత రెండోసారి తిరిగి చూడని వాళ్ళందరూ వస్తారు. నీళ్ళు తాగి, జరసేపు నడుము వాల్చి, మళ్ళీ పేజీలోకి పోతారు. కోళ్ళు కూడా బెదరవు.

ఆమె సమీక్ష కూడా అందులోంచే పుడుతుంది. "ఈ పుస్తకంల పదకొండు మంది వచ్చిన్రు. రాణిగారి మేనా నలభై ఆమడలు మోసిన్రట, ఒక్కసారన్న దింపాలని రాసినాయనకు తోచలే. భాష మంచిగున్నది." ఇంకోసారి: "ముద్దు బాగ రాసిండు. కని ఆ ముద్దు అయ్యేదాక దివిటీ పట్టుకున్నోని చెయ్యి కాలింది. కలబంద రాసి పంపిన."

ఒకటే కట్టుబాటు. వచ్చినవాళ్ళకు నీళ్ళే ఇవ్వాలి. ఉప్పు తగిలిన మెతుకు నోట్లో పడితే మనిషి బరువెక్కుతాడు, తిరిగి కాగితంలో పట్టడు. ఒకసారి తెలియక ఒక గుర్రాలవాడికి జొన్నరొట్టె పెట్టింది. వాడిప్పుడు జన్వాడలో ఒక ఫామ్‌హౌస్‌లో గుర్రాలు చూసుకుంటున్నాడు. ఆ నవలలో వాడున్న చోటల్లా తెల్లకాగితం మిగిలింది.

ఇన్నేళ్ళలో చదవకముందే ఏ పుస్తకాన్నీ మెచ్చుకోని లిదియమ్మ, మొన్న ఒక మాట ఇచ్చేసింది. పక్కింటి బాలనర్సమ్మ మనుమరాలు పూజిత ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. నాలుగేళ్ళు బస్సులో పోతూ వస్తూ ఫోన్లోనే ఒక నవల రాసింది. పేరు 'గడీలో మధూలిక'. ఆదివారం చేవెళ్ళ ఫంక్షన్ హాల్లో ఆవిష్కరణ.

"నువ్వు మెచ్చుకుంటెనే నా పుస్తకం నిలవడ్తది అవ్వ" అన్నది పూజిత.

"నా పక్కింటి పిల్లవు. స్టేజీ ఎక్కి నాలుగు మంచి మాటలు చెప్త పో."

బాలనర్సమ్మ ఇంటివాళ్ళ మాటను లిదియమ్మ కాదనలేదు. ఎనకట తోట మేస్త్రి మీద కేసు పెట్టినప్పుడు, ఊరంతా తలుపులు వేసుకుంటే పోలీస్ స్టేషన్ దాకా తోడు వచ్చిన మనిషి బాలనర్సమ్మ ఒక్కతే. అప్పటినుంచి మతాలు వేరైనా వదినా వదినా అనే పిలుపు.

బుధవారం పొద్దున బోయీలు వచ్చి వెళ్ళారు. లిదియమ్మకు నవల నచ్చుతూనే ఉన్నది. దొరసాని పెండ్లికి పుట్టింటినుంచి ఆవులతో, ఇత్తడి బిందెలతో పాటు ఒక ఆడపిల్లనూ పంపేవారు. ఆడబాప అంటారు. అట్లా దొర కోటకు, అదే గడీకి, వచ్చిన పిల్లను చిన్నదొర ప్రేమించాడట. 'ఆమె నిద్ర చెదరకూడదని వెలుపల గొళ్ళెం వేసి, అతడు వెన్నెలలో నడిచి వెళ్ళాడు.' ఆ వాక్యం దగ్గర లిదియమ్మ పెన్సిల్‌తో టిక్కు పెట్టింది.

నూట పన్నెండో పేజీ తిప్పేసరికి గజ్జెల చప్పుడయింది. రంజన్ పక్కన పట్టుచీర కట్టుకుని పదహారేళ్ళ పిల్ల. పుస్తకం అట్ట మీద ఉన్న పిల్లే, జర నలుపు.

"అవ్వ, ఎనుక దర్వాజ ఉన్నదా?"

కథానాయిక దిగిరావడం ఇదే మొదలు. లిదియమ్మ తడబడి చెంబు ముంచింది. "ముందుగాల నీళ్ళు తాగు బిడ్డ."

"నీళ్ళొద్దు. ఉప్పేసిన బువ్వ పెట్టు. మేనా మామలు చెప్పిన్రు, నీ ఇంట్ల ఉప్పు తింటె మల్ల పోవుడు ఉండదట."

"ఓ పిల్ల! ఆయన నీ కోసం పాటలు కట్టిండు. ఆఖరికి నిన్ను దొరసానిని చేస్తడు, చివరి పేజీ చూసిన. మధూలికా అని మూడుసార్లు పిలిస్తె సిగ్గుతోని తిరిగి చూడకపోతివి!"

"నా పేరు పోచి. ఆ మధూలిక ఎవలో అనుకొని నేను తిరిగి చూడలే. సిగ్గని రాసిన్రు."

లిదియమ్మకు నవ్వొచ్చింది. పిల్ల నవ్వలేదు. గోడ వైపూ గేటు వైపూ చూస్తూనే ఉన్నది.

"ఆయన మంచోడే కావచ్చు అవ్వ. కని ఆ అర్రకు గొళ్ళెం బయటనే ఉన్నది. లోపట లేదు. ఆయన ఎప్పుడొస్తె అప్పుడు తలుపు తెరుసుకుంటది. నేను రమ్మన్ననో ఒద్దన్ననో ఎవలకెరుక?"

లిదియమ్మ పేజీలు వెనక్కి తిప్పింది. తన టిక్కు తననే చూస్తున్నది. ఆమె తాత దొర మేనా మోసినవాడు, చచ్చేదాకా కుడిభుజం లేవలేదు. అట్లాంటివాడి మనుమరాలు గొళ్ళెం చూసి వెన్నెల అనుకున్నది!

రంజన్ నుంచి పొయ్యి దాకా, పొయ్యి నుంచి గేటు దాకా తిరిగింది. గోడ అవతల రోకలి చప్పుడు. ఆదివారం వచ్చే చుట్టాల కోసం బాలనర్సమ్మ కారం దంచుతున్నది. బువ్వ పెడితే పూజిత నాలుగేళ్ళ కష్టం తెల్లకాగితం. పెట్టకపోతే ఈ పిల్ల మళ్ళీ ఆ అర్రలోకి. పుస్తకం ఎన్నిసార్లు చదివితే అన్నిసార్లు.

"వదినా, ఇయ్యాల ఎంత మంది?" గోడ మీదినుంచి బాలనర్సమ్మ కేకేసింది.

లిదియమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. గిన్నె దించి, అన్నంలో పచ్చిపులుసు పోసి పోచి ముందర పెట్టింది. మూడో ముద్దకు పిల్ల పాదం కింద తడిమట్టిలో అచ్చు పడింది.

మర్నాడు పొద్దునే పూజిత పరుగెత్తుకొచ్చింది. చేతిలో ఐదు పుస్తకాలు. "అవ్వా! అన్నీ ఖాళీ! ఆమె ఉన్న జాగలన్నీ ఖాళీ! అట్ట మీద బొమ్మ ఒక్కటే మిగిలింది. ఎల్లుండి గాక ఆవలెల్లుండి ఫంక్షన్!"

వెనకే బాలనర్సమ్మ, కారం చేతులతోనే. "ఎంత పని జేస్తివి వదినా! ఉప్పు పెట్టొద్దని ఊరంతటికి చెప్పేది నువ్వే. నా మనుమరాలి పుస్తకం కాడనే నీకు చెయ్యి జారిందా?"

"తెలిసే పెట్టిన."

"సిగ్గు లేకుంట చెప్తున్నవు!"

"సిగ్గు పడేటిది వేరే ఉన్నది. మాట ఇచ్చిన, అది తప్పు. చదవకముందు ఇచ్చిన, అది ఇంకా పెద్ద తప్పు. కొడ్తవో తిడ్తవో నన్నే అను. పిల్ల జోలికి పోకు."

పోచి వంటింటి గడపలో దీవెన పాత చుడీదార్ వేసుకుని కొత్తిమీర కట్టలు ఏరుతున్నది. పూజిత ఆమె ముందర చతికిలబడింది. నాలుగేళ్ళు బస్సులో తనతోపాటు కూర్చున్న మనిషి.

"నువ్వు ఆయనను ప్రేమించలేదా?"

పోచి తల ఎత్తలేదు. "ప్రేమిస్తున్న అంటె పట్టుచీర. లేదంటె ఏమైతుండెనో నువ్వు రాయలే. ఎరుక లేక రాయలేదా, ఎరుకుండి రాయలేదా?"

పూజిత పుస్తకాలు కింద పెట్టింది. ఒక కొత్తిమీర కట్ట అందుకుని తనూ ఏరసాగింది. బాలనర్సమ్మ గొణుగుతూ ఇంటికి పోయి, గిన్నెడు కారం తెచ్చి గడపలో పెట్టింది. "ఇగో, ఎట్లాగూ ఉప్పు తిన్నవు, ఇది గూడ తిను" అని, లిదియమ్మ మొఖం చూడకుండానే తిరిగిపోయింది.

ఆదివారం నలుగురూ చేవెళ్ళ బస్సెక్కారు. బాలనర్సమ్మ ముందు సీట్లో, లిదియమ్మ వెనక సీట్లో. ఆడవాళ్ళకు ఉచితంగా జీరో టికెట్ ఇవ్వడానికి కండక్టర్ ఆధార్ అడిగాడు. పోచి దగ్గర ఏముంటుంది? పూజిత పుస్తకం తీసి అట్ట చూపించింది. కండక్టర్ బొమ్మనూ పిల్లనూ మార్చి మార్చి చూశాడు.

"జర తెల్లగ వేసిన్రు గని, ఈమెనే" అని టికెట్ చింపి ఇచ్చాడు.

హాల్లో లిదియమ్మ మైకు పట్టుకుని, స్టేజీ ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడుస్తూ మాట్లాడింది. "ఈ పుస్తకంల ఎనిమిది మంది మేనా మోసెటోళ్ళు వచ్చిన్రు, పోయిన్రు. తొమ్మిదో మనిషి వచ్చింది, పోలే. పోనని చెప్పింది. వాక్యం అందంగ ఉన్నదని నేను టిక్కు పెట్టిన జాగల ఆమెకు గొళ్ళెం పడ్డది. రాసిన పిల్లకు ఇరవై ఆరేండ్లు, చదివిన నాకు అరవై మూడు. తప్పు ఎవలది ఎక్కువ? నాదే. ఇగ మంచి మాట. నేను చదివిన రాజుల పుస్తకాలన్నిట్ల పిల్ల బయటపడ్డ పుస్తకం ఇదొక్కటే. తెల్లకాగితాలతోనే కొనుక్కపోండ్రి."

ఎవరో చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో బాలనర్సమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, "దిగు వదినా, కాళ్ళు నొస్తయి" అన్నది.

"మళ్ళీ రాస్త పోచీ" అన్నది పూజిత కిందికి దిగి. "ఈసారి నిన్ను అడిగి రాస్త."

"నాకేడ తీరుతది? రేపటిసంది గులాబి తోటల పని."

పోచి ఇప్పుడు మొయినాబాద్‌లో కిరాయి గదిలో ఉన్నది. గది చూపించిన రోజు కిటికీ చూడలేదు, నల్లా తిప్పలేదు. లోపలికి పోయి తలుపు వేసి, గొళ్ళెం పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. బయట నిలబడ్డ ఇంటాయనతో లిదియమ్మ "జర ఆగు నాయనా, చూసుకోనీ" అన్నది.

సరే. మొన్న మీరు కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ చదివారే, ఆ గడీ కథో, అంతఃపురం కథో, దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకోండి. అందులో ఆమె గదికి గొళ్ళెం ఏ వైపున ఉన్నది?