ఫారంలో పట్టని పేర్లు

పుస్తకాల అచ్చులో ఫారం అంటే పదహారు పేజీలు. పది ఫారాలైతే నూట అరవై. నూట అరవై మూడు పేజీల పుస్తకం అంటూ ఉండదు. ఆ మూడు పేజీల కోసం పదకొండో ఫారం వెయ్యాలి, మిగతా పదమూడు పేజీలు తెల్లగా వదిలెయ్యాలి. పాతికేళ్లుగా మేడ్చల్ బస్ డిపో వెనక డీటీపీ షాపు నడుపుతున్నదాన్ని, నిద్రలో లేపి అడిగినా ఈ లెక్క చెబుతాను. ఈ లెక్క చాటున నేను చేసిన పని చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

నా పేరు ఆమని. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, వెంచర్ల బ్రోచర్లు నా బతుకుతెరువు. లేని పార్కులూ రాని రోడ్లూ బ్రోచర్లలో పెట్టి పెట్టి విసుగెత్తిపోయి, ఎలాగూ అబద్ధాలే అచ్చేస్తున్నాం కదా, కాస్త అందమైనవి అచ్చేద్దామని డ్రాగన్ కథల సంకలనం తలపెట్టాను. నవ్వినవాళ్లు నవ్వారు. "మన దగ్గర పాములు తక్కువైనయా మేడమ్?" అన్నాడు ఒక ఫ్లెక్సీ కస్టమర్. అతని ఫ్లెక్సీలో లీడర్ ఫొటో అతని ఫొటో కంటే చిన్నగా వేసి పంపాను. తర్వాత అతని తిప్పలు అతను పడ్డాడు.

ఫేస్‌బుక్‌లో ప్రకటన పెడితే నలభై కథలు వచ్చాయి. పదకొండు ఏరాను. నాగారం నుంచి వెంకటేశ్వరరావు గారు ఏడు తరాల డ్రాగన్ వంశచరిత్ర పంపారు. గండిమైసమ్మ నుంచి అభిలాష్ అనే కుర్రాడు రింగ్ రోడ్డు మీద ఛార్జింగ్ పెట్టుకునే డ్రాగన్ కథ రాశాడు. నేను నెల రోజులు కూర్చుని, దేశదేశాల డ్రాగన్ల గురించి చదివి, నాలుగు పేజీల ముందుమాట రాసుకున్నాను. దాని కింద నా పేరు పెద్ద అక్షరాల్లో పెట్టుకున్నాను.

పదకొండో కథ ఫర్హత్‌ది. శామీర్‌పేటలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరు. ఆరేళ్ల కిందట ప్రశ్నపత్రం టైపు చేయించుకోవడానికి వచ్చింది. అప్పటినుంచి ప్రతి శనివారం షాపులో నా ఎదురు స్టూలు ఆమెదే. ఈ పుస్తకం ప్రూఫులన్నీ ఆమే దిద్దింది. ఒక్క తన కథ తప్ప. "నువ్వు జూసినవ్ గద అక్కా, మల్ల నేనేం జూడాలె?" అంది.

ఆ కథ నిజానికి వాళ్ల అమ్మ సైదాది. రావల్కోల్‌లో అరెకరంలో ఆకుకూరలు పండిస్తుంది. చదువు రాదు. ఒక ఆదివారం ఫర్హత్ నన్ను భోజనానికి తీసుకెళ్లింది. ఆవిడను నేను ఖాలా అంటాను, పిన్నీ అని. పాలకూర కట్టలు కడుతూ సైదా ఖాలా ఆ కథ నాకు స్వయంగా చెప్పింది.

"శామీర్‌పేట చెర్ల అజ్దహా ఉంటది బేటీ. మనుషుల్ని తినదు. పేర్లు తింటది," అంది. డ్రాగన్‌ను వాళ్లు అజ్దహా అంటారు.

పేరు పోయినవాళ్లను ఎవరూ పిలవలేరు. తల్లి బిడ్డను బువ్వకు పిలవలేదు. పంచాయితీలో పెద్దమనిషిని కూర్చోమనలేరు. ఊరంతా మూగబోతుంది. అప్పుడు ఒక పిల్ల కట్ట మీదికెళ్లి అడుగుతుంది: మా పేర్లు మాకియ్యి అని. ఏ పేరు ఎవరిదో చెప్పి తీసుకొమ్మంటుంది అజ్దహా. పిల్ల ఒక్కొక్కరినే చెబుతుంది. నలభై ఒక్క పేర్లు, ఒక్కో మనిషికి ఒక్కో మాట. అందరూ రావల్కోల్ వాళ్లే, సైదా ఖాలా ఎరిగినవాళ్లు. శివమ్మ, బీడీలు చేసేటిది, ఒక్క కేకేస్తే మడిల కొంగలన్నీ లేస్తయి. సిద్దయ్య, గొర్లకు ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టిండు, పెండ్లాన్ని మాత్రం ఓయ్ అంటడు. అలా సాగుతుంది.

"ఒక్క పేరు ఇడిసినా కత చెడిపోతది బేటీ," అంది ఖాలా కట్టకు ముడి వేస్తూ. "ఇడిసిన పేరు చెర్లనే ఉండిపోతది."

ఈ మాట నాతోనే అంది. నేను తల కూడా ఊపాను.

పేజీలన్నీ పెట్టి చూస్తే నూట అరవై మూడు వచ్చింది. ఆవిష్కరణ తేదీ ఖాయమైపోయింది, హాలు మాట్లాడేశాం, ప్రెస్సువాడు ఆ సాయంత్రానికి ఫైలు కావాలన్నాడు. మూడు పేజీలు తగ్గించాలి. వెంకటేశ్వరరావు గారి కథలో ఒక తరం తీసేస్తే ఆయన నా షాపు ముందు ధర్నాకు కూర్చుంటారు. అభిలాష్ ఫేస్‌బుక్‌లో ఉతికి ఆరేస్తాడు. ఇక మిగిలింది మనవాళ్లు. మనవాళ్లే కదా, ఏమనుకుంటారు! ఫర్హత్ కథలో పేర్ల జాబితా సరిగ్గా మూడు పేజీలుంది.

నా ముందుమాట నాలుగు పేజీలుంది. అప్పుడు దాని వంక చూడలేదని చెబితే అబద్ధం. చూశాను. ఒకసారి చదువుకున్నాను కూడా. బాగుందనిపించి వదిలేశాను.

నలభై ఒక్క మందిని ఎంపిక చేసి, ఒక్క మీట నొక్కి తీసేశాను. ఆ చోట ఒక వాక్యం రాశాను: 'అజ్దహా నోరు తెరిచింది. ఎవరి పేరు వాళ్లకు తిరిగి వచ్చింది.' మూడు పేజీల సరుకును ఒక ముక్కలో తేల్చేశానని, సిగ్గు లేకుండా, ముచ్చటపడ్డాను. ఫైలు అందరికీ వాట్సాప్‌లో పంపి గంటలో చెప్పమన్నాను. ఫర్హత్‌కు ఆ పూట పరీక్ష డ్యూటీ అని, ఫోన్ బ్యాగులో ఉంటుందని నాకు తెలుసు.

ఆవిష్కరణ శామీర్‌పేటలో, చిన్న ఫంక్షన్ హాల్లో. నలభై కుర్చీలు వేయించాను, ముప్పై నిండితే గొప్ప అనుకున్నాను. సభ మొదలయ్యే వేళకు బయట ట్రాలీ ఆటో ఆగింది. రావల్కోల్ నుంచి ఇరవై మంది దిగారు. ఇస్త్రీ చొక్కాలు, జరీ అంచు చీరలు, తలల్లో మల్లెపూలు. నడుమ సైదా ఖాలా, కొత్త దుపట్టాలో. మీ పేరు బుక్కుల పడ్డదని ఆవిడ ఊరంతా తిరిగి చెప్పిందట. అందరూ పెండ్లికి వచ్చినట్టు వచ్చారు.

వచ్చినవాళ్లు వచ్చినట్టే బల్ల దగ్గర పుస్తకం కొనుక్కుని వెనక వరసల్లో కూర్చున్నారు. వెంకటేశ్వరరావు గారు నలభై నిమిషాలు మాట్లాడారు. జన్మలో మొదటిసారి ఆయన ఇంకా మాట్లాడితే బాగుండుననుకున్నాను. తర్వాత ఫర్హత్ కథ చదవడానికి లేచింది. వెనక వరసల్లో ముచ్చట్లు ఆగిపోయాయి. శివమ్మ అనే ఆవిడ, నేను తీసేసిన శివమ్మే, చీర కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

పిల్ల చెరువు కట్ట మీదికి వచ్చిన చోటిదాకా చదివి, ఫర్హత్ పేజీ తిప్పింది. మళ్లీ వెనక్కి తిప్పింది. పేజీ నంబర్లు చూసుకుంది. తలెత్తి నా వైపు చూసింది. నేను మంచినీళ్ల సీసా మూత తిప్పుతున్నాను.

"ఎవరి పేరు వాళ్లకు తిరిగి వచ్చింది," అని నెమ్మదిగా చదివేసి కూర్చుంది.

చప్పట్లు కొట్టారు. టైము లేక పేర్లు చదవలేదనుకున్నారు, పుస్తకంలో ఎలాగూ ఉన్నాయి కదా అని. చదువు వచ్చినవాళ్లు పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. రానివాళ్లు వాళ్ల భుజాల మీదుగా తొంగిచూశారు. అప్పుడు ఒక ముసలాయన నేరుగా నా దగ్గరికి వచ్చాడు. పుస్తకం రెండు చేతులా పట్టుకున్నాడు.

"నేను బాలమల్లును. తాళ్లెక్కి కల్లు దీసేటోణ్ని," అన్నాడు. "నాకు సదువు రాదు మేడమ్. నా పేరు ఏడున్నదో జర ఏలు వెట్టి జూపియ్యి."

లేదని చెప్పాల్సింది. రెండక్షరాల మాట. ఎదురుగా ఆ ముఖం చూసి నోరు రాలేదు. పేజీ తీసి, 'ఎవరి పేరు వాళ్లకు' అన్న చోట వేలు పెట్టాను.

"గిదేనా?"

"అదే తాతా."

"జర గీత గియ్యి, యాదికుంటది."

నా పెన్నుతోనే కింద గీత గీశాను. అతను వేలు ధోవతికి తుడుచుకుని, ఆ గీతను ముట్టుకున్నాడు. పుస్తకాన్ని తువ్వాలలో చుట్టుకుని వెళ్లిపోయాడు. వెనక ఫర్హత్ నిలబడి ఉంది. అంతా విన్నది.

"ఫారంలో పట్టలేదే," అన్నాను. "రెండో ముద్రణలో పెడదాం."

అమ్ముడుపోని కట్టలు గోడ వారన ఛాతీ ఎత్తున ఉన్నాయి. ఫర్హత్ వాటిని చూసింది.

"నన్ను అడిగితే నా కతనే తీసెయ్యమందును అక్కా," అంది. "పన్నెండు పేజీలు మిగులుతుండె నీకు."

తిట్టి ఉంటే నేనూ ఎదురు తిట్టి, ఏడ్చి, మళ్లీ శనివారానికి కలిసిపోయేవాళ్లం. ఆమె తిట్టలేదు. సైదా ఖాలాకు అక్కడే చెవిలో చెప్పింది. ఖాలా నా దగ్గరికి వచ్చి, నా చెంప నిమిరింది.

"మా చెర్ల అజ్దహానే నయం బేటీ," అంది. "అడిగితే ఇచ్చేసింది."

ఆ మాట అని అందరినీ కూడగట్టుకుని ఆటో ఎక్కించింది. ఆ తర్వాత మూడు శనివారాలు స్టూలు ఖాళీగానే ఉంది. ఫోన్ చేస్తే ఫర్హత్ ఎత్తుతుంది. బాగున్నాను అక్కా అంటుంది, పెట్టేస్తుంది. ఆరేళ్లలో ఆమె నాతో అంత మర్యాదగా ఎప్పుడూ మాట్లాడలేదు.

నాలుగో శనివారం పొద్దున్నే స్టూలు మీద ఎవరో కూర్చున్నారు. ఫర్హతే అనుకున్నాను. చూస్తే బాలమల్లు. రావల్కోల్ నుంచి బస్సులో వచ్చాడట. తువ్వాల విప్పి పుస్తకం తీశాడు.

"మా కోడలు సదివింది మేడమ్. గీ గీత కాడ నా పేరు లేనే లేదంటది," అన్నాడు. "నేను మస్తు లొల్లి వెట్టిన దాంతోని. పుస్తకం జేసిన మేడమే సొంతంగ ఏలు వెట్టి జూపిచ్చింది, నీకే సదువు రాదు అన్న. రెండు దినాలాయె, నాతోని మాట్లాడుతలేదు. ఇంకొక్కసారి జూపియ్యి, దానికి జెప్త."

నన్ను నమ్మి ఇంట్లో పోట్లాడి వచ్చాడు. ఆ క్షణం నా మీద నాకు పుట్టినంత అసహ్యం ఎవరి మీదా పుట్టలేదు.

"మీ కోడలు చెప్పిందే నిజం తాతా," అన్నాను. "నీ పేరు లేదు. నేనే తీసేసిన. ఆ రోజు నీకు అబద్ధం చెప్పిన."

కోప్పడతాడని చూశాను. కోప్పడలేదు.

"సైదమ్మ ఏం జెప్పింది నా గురించి?" అని అడిగాడు.

కంప్యూటర్‌లో పాత ఫైలు తెరిచి చదివాను. "బాలమల్లు. తాళ్లెక్కి ఊరందరి ఇండ్ల కప్పులు జూసేటోడు. ఎవరింట్ల పొయ్యి రాజుకోలేదో ఆయనకే ఎరుక. దిగినంక ఆ ఇంటికి పొయ్యి, ఊకెనే వచ్చిన అని, ముంజలు వెట్టిపోయేటోడు."

"గది సైదమ్మకెట్ల ఎరుక?" అన్నాడు. అని, మసకబారిన కళ్లు తువ్వాలతో ఒత్తుకున్నాడు. "వాళ్లింటికి గూడ పోయిన, ఒక ఎండకాలం."

తువ్వాల భుజాన వేసుకుని అడిగాడు. "మరెందుకు తీసేసినవ్ బిడ్డా?"

"జాగ సాలలేదు తాతా."

"నా పేరుకెంత జాగ గావాలె?"

అతను పుస్తకం తీసుకుని, చదువురాని మనిషి తిప్పినట్టు వెనక నుంచి ముందుకు ఒక్కో పేజీ తిప్పాడు. కథ అయిపోయిన చోటల్లా పేజీ సగం తెల్లగా ఉంటుంది. అలాంటి ప్రతి చోటా ఆగి, ఆ తెల్లదనం మీద అరచేయి వేసి చూశాడు.

"గీడ గూడ ఖాళీనే ఉన్నది," అన్నాడు. నన్ను ఎత్తిపొడవడానికి కాదు, నిజంగానే అర్థంకాక.

చివరికి పుస్తకం మొదటికి వచ్చాడు. నా ముందుమాట ఆఖరి పేజీ. మూడు వంతులు ఖాళీ. అడుగున ఒకే ఒక్క మాట, పెద్ద అక్షరాల్లో. దాని మీద వేలు పెట్టాడు.

"గింత లావుగ రాసిన్రు, గిదేంది మేడమ్?"

"నా పేరు తాతా," అన్నాను.