తొమ్మిదో డబ్బా

నీటి కదలిక మీద పదకొండేళ్లు పరిశోధన చేసినా వాగ్దేవికి ఈత రాదు. ఈ సంగతి సోనేపూర్‌లో చిన్నాపెద్దా అందరికీ తెలుసు, ఆ జాలరిపల్లెలో బోటు నడిపే ధనరాజు పుణ్యమా అని. బోటు ఎక్కిన ప్రతిసారీ ఆమెకి లైఫ్ జాకెట్ తొడిగించి, దాని తాళ్లు తనే బిగించి, ఒడ్డు మీద వలలు బాగుచేసుకునేవాళ్లకి కూడా వినపడేలా, "దీదీకి సంద్రం లెక్కలొచ్చు గానీ సంద్రం రాదు" అనేవాడు. ఆ ముడి ఒక వింత ముడి. రెండు చుట్లు తిప్పి, కొస లోపలికి దోపి, ఒక్క గుంజు గుంజేవాడు. తిరిగి ఒడ్డుకొచ్చాక దాన్ని విప్పడం కూడా అతని వల్లే అయ్యేది.

వాగ్దేవిది బరంపురం. తాతముత్తాతలు అక్కడే తెలుగు పాఠాలు చెప్పుకుని బతికారు. ఆమె మాత్రం అదే ఊళ్లో ఒక పరిశోధన సంస్థలో సుడుల మీద పనిచేస్తోంది. చెప్పుకోడానికి పెద్ద పేరున్న చదువే గానీ, ఆమె అడుగుతున్న ప్రశ్న చిన్నపిల్లలు కాలువలో ఆకులు వదిలి అడిగే ప్రశ్నే. ఒకే చోట, ఒకేసారి, చెయ్యి చాచినంత దూరంలో సముద్రంలో వదిలిన రెండు వస్తువులు రేపటికి ఒకదానికొకటి ఎంత దూరంలో ఉంటాయి? అందుకోసం బిందంత నారింజరంగు డబ్బాలు చేయించింది. ఒక్కో డబ్బా మీదా ఒక నంబరు, కింద ఒడియాలో, తెలుగులో ఆమె ఫోన్ నంబరు. అవి అరగంటకోసారి తామెక్కడున్నదీ ఆఫీసుకి కబురు పంపిస్తాయి. తెర మీద ఒక చుక్క పడుతుంది. చుక్కలన్నీ కలిపితే నీరు నడిచిన దారి.

బహుదా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆ డబ్బాల్ని జతలుగా వదిలిరావడం ధనరాజు పని. ఒకసారి ఆమె అతనికి తన ప్రశ్న విడమరిచి చెప్పింది. అతను తల గోక్కుని, దీనికి చదువెందుకు దీదీ, ఒక తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ముల్ని చూస్తే సరిపోదా అన్నాడు. పక్కనే ఉన్న వాళ్లన్న పైడన్న మొహం తిప్పుకుని నవ్వాడు. అన్నదమ్ములిద్దరూ చెరో బోటు కొనుక్కుని వేరుపడి అప్పటికి రెండేళ్లు.

మొదటి ఏడాది ఆమెకి నాలుగు డబ్బాలు దండగైపోయాయి. ఊరివాళ్లు దొంగిలించలేదు సరికదా, కడిగి, తుడిచి, ఇంట్లో దేవుడి గూటి పక్కన పెట్టి, ఆమె రాగానే టీ ఇచ్చి మరీ అప్పగించారు. సోనేపూర్‌లో అదొక ఆచారం. ఎవరిదో తెలిసిన వస్తువు సముద్రంలో దొరికితే తెచ్చి వాళ్ల చేతికివ్వాలి. గంగమ్మ తల్లి ఇమ్మని పంపినదాన్ని మధ్యలో మనం ఉంచేసుకోకూడదు. ఆమె తల పట్టుకుని ఇసకలో అందర్నీ కూర్చోబెట్టింది. తేలుతూ కనపడితే దండం పెట్టి వదిలేయండి బాబూ, అది తప్పిపోలేదు, దాని పని అది చేసుకుంటోంది అని బతిమాలింది. ఆమె తెలుగుని ధనరాజు వాళ్ల తెలుగులోకి మార్చి చెప్పాడు. అందరూ సరేనన్నారు, ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా.

కాకపోతే, తేలుతూ కనపడినవాటి సంగతే ఆమె చెప్పింది. వలలో పడ్డవాటి సంగతి చెప్పలేదు. వలలో పడి పైకొచ్చినదాన్ని తిరిగి నీళ్లలో విసిరేయడం వాళ్లలో చెయ్యకూడని పని. తల్లి చేత్తో పెట్టింది మొహాన కొట్టడంతో సమానం. అది ఆమె అడగలేదు, అందరికీ తెలిసిన విషయమే కదా అని వాళ్లూ చెప్పలేదు.

ఆ నవంబరులో ఒక ఆదివారం ధనరాజు ఏడో నంబరునీ తొమ్మిదో నంబరునీ మొగ దగ్గర వదిలాడు. ఏడు బుద్ధిగా ఒడ్డు వెంబడే దక్షిణంగా, ఆంధ్రా వైపు సాగింది. తొమ్మిది తూర్పుగా లోపలికి పోయి అక్కడక్కడే తిరుగుతూ ఉండిపోయింది. మంగళవారం ఉదయం ఏడున్నరకి వాగ్దేవి ఆఫీసులో కంప్యూటర్ తెరిచి చూసేసరికి తొమ్మిది వింతగా ప్రవర్తిస్తోంది. తెల్లవారుజామున ఉన్నట్టుండి గీత గీసినట్టు తిన్నగా, గంటకి పన్నెండు కిలోమీటర్ల వేగంతో మొగ వైపు వచ్చింది. ఆరింటికి మొగ దగ్గర ఆగింది. ఆ తర్వాత ఒక చుక్క పడితే మరోటి పడలేదు.

నీరు తిన్నగా వెళ్లదు. పదకొండేళ్లలో ఆమె నేర్చుకున్న ఒక్క ముక్క అది. ఆ వేగంతో అసలే వెళ్లదు. కాబట్టి యంత్రం పాడైంది. పాడైన చుక్కల్ని ముందే ఏరెయ్యకపోతే మొత్తం లెక్కే పాడౌతుందని ఆమెకి పని నేర్పిన ప్రద్యుమ్న సారు ఎప్పుడూ చెప్పేవాడు. ఒక్క మీట నొక్కింది. తెర మీంచి తొమ్మిది మాయమైంది. టీ చల్లారుతోందని గుర్తొచ్చి తాగేసింది.

తొమ్మిదిన్నరకి పైడన్న వచ్చాడు. సోనేపూర్ నుంచి ఎవరి బండి మీదో వచ్చినట్టున్నాడు, కాళ్లకి ఇంకా తడి ఇసక అంటుకునే ఉంది. గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. పొద్దున్నే వేటనుంచి తిరిగొస్తూ మొగ దగ్గర కెరటాలకి ధనరాజు బోటు బోల్తా పడింది. ఇద్దరు ఈదుకొచ్చారు. వాళ్లలో ఒకడికి ఆస్పత్రిలో ఇంకా తెలివి రాలేదు, రెండోవాడు వణుకుతున్నాడు తప్ప మాట లేదు. ధనరాజు మాత్రం కనపడలేదు. ఈత బాగా వచ్చినవాడు, ఏదైనా పట్టుకుని ఉంటే ఒకటి రెండు రోజులు నీళ్లలో బతికే మనిషి. బోట్లన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఎటు వెళ్లాలో చెప్పమని వచ్చాడు.

"నీరు మనిషిని ఎటు అట్టుకెల్తాదో మీ డబ్బాలే సెప్పాల మేడంగారూ."

ఆమె తెర అతని వైపు తిప్పి చూపించింది. ఏడో నంబరు దారి నీలంగా, అందంగా, దక్షిణంగా పోతోంది. ఈ నెలల్లో ఈ తీరమంతా నీరు కిందకే వెళ్తుంది, అటే వెతకండి అంది. పైడన్న కాసేపు ఆ గీత వంకే చూశాడు. పొద్దున్న మొగ దగ్గర నురగ ఉత్తరానికి, గోపాలపూర్ వైపు తిరగడం చూశానని గొణిగాడు. ఒడ్డు దగ్గర చిన్న సుడి అలాగే ఉంటుంది, లోపల నీరు వేరు అని ఆమె సర్దిచెప్పింది. అతను తలూపాడు. "మీరు సదివినోరు. మీరు సెప్పినాక మళ్లీ నానేటి సెప్తాను" అని దిగి వెళ్లిపోయాడు.

ఒక్క డబ్బా వెళ్లిన దారి ఇంకోదానికి దారి కాదు. పక్కపక్కన వదిలినవే విడిపోతాయి. ఆమె పరిశోధన అంతా చాటుతున్నది అదొక్కటే. ఆ పూట ఆ సంగతి ఆమెకి గుర్తురాలేదు. పైగా, చెప్పుకోడానికి సిగ్గుపడాల్సిన మాట, ఇన్నాళ్లకి నా చదువు ఒక ప్రాణానికి పనికొస్తోందని లోలోపల పొంగిపోయింది కూడా.

ముప్పై ఒక్క బోట్లు దక్షిణంగా వెళ్లాయి. సర్కారు బోటు కూడా అటే వెళ్లింది. మంగళవారం పొద్దుగూకేదాకా, మళ్లీ బుధవారం తెల్లవారింది మొదలు, సంద్రాన్ని జల్లెడ పట్టారు. ఆమె ఆఫీసులోనే ఉండి ఏడో నంబరు చుట్టూ సున్నాలు గీస్తూ, ఇక్కడ చూడండి, ఇంకొంచెం కిందకి చూడండి అని గంటగంటకీ ఫోన్ చేసింది. ఒక చెప్పు కూడా దొరకలేదు.

గురువారం ఉదయం ఆమెకి ఒక ఫోన్ వచ్చింది. ఎవరో ఒడియాలో మాట్లాడుతున్నాడు. గోపాలపూర్ దాటాక ఉన్న ఒక పల్లెవాడు. డబ్బా మీద నంబరు చూసి చేస్తున్నానన్నాడు. మీ డబ్బా ఒడ్డుకి కొట్టుకొచ్చింది, తొమ్మిదో నంబరు, చెక్కుచెదరలేదు అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, దానికి ఒక మనిషి తనని తాను కట్టుకుని ఉన్నాడు, పోలీసులకి చెప్పాలా మీరే వస్తారా అని అడిగాడు.

ఫోన్ పెట్టేశాక ఆమె కంప్యూటర్ దగ్గరికి వెళ్లి మీట మళ్లీ నొక్కింది. తొమ్మిది తిరిగొచ్చింది. రెండు రోజులుగా అది కబురు పంపుతూనే ఉంది. తిన్నగా వచ్చిన ఆ గీత బోటు వచ్చిన దారి. డబ్బా వలలో పడితే, ఆమె చేతికిద్దామని ధనరాజు బోటులో వేసుకున్నాడు. ఆరింటికి బోటు తిరగబడితే దాన్నే పట్టుకున్నాడు. అక్కణ్నుంచి గీత వంకరలు పోతూ ఉత్తరానికి వెళ్లింది. మధ్యమధ్య చుక్కలు లేవు. ఎందుకు లేవో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. అతను గుండెలకి హత్తుకుని బరువు మోపినప్పుడల్లా డబ్బా మునుగుతుంది, కబురు అందదు. కాస్త పట్టు సడలిస్తే తేలుతుంది, చుక్క పడుతుంది. బుధవారం పగలు పదకొండున్నర దాకా అలా ఉండుండి పడ్డాయి. పదకొండున్నర నుంచి ఒక్క చుక్క కూడా తప్పలేదు.

ప్రద్యుమ్న సారు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎవరైనా అదే చేసేవారు, ఇది పొరపాటు కాదు, పద్ధతి అన్నాడు. మంచివాడే. ఆ మాటతో ఆమెకి ఇంకా ఏడుపొచ్చింది.

ధనరాజు దొరికిన ఐదో రోజున లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని సోనేపూర్ బస్సు ఎక్కింది. ఎందుకు తీసుకెళ్తోందో ఆమెకే తెలీదు. ఉత్త నోటితో చెప్పే ధైర్యం లేకపోయి ఉంటుంది. పైడన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు, గుండు మీద మాసిన తువ్వాలు. ఆమె నిలబడే మొత్తం చెప్పింది. తను తీసేసిన చుక్కల సంగతీ చెప్పింది. తిడతాడనుకుంది, తిడితే బావుండుననుకుంది.

"మొగ కాడ నురగ నాను సూసినాను" అన్నాడతను. "ఈ రెండు కళ్లతో సూసినాను. నా తమ్ముడు అటే ఎల్లుంటాడని నాకు తెలిసినాది. మీ గీత సూసి నా కళ్లని నానే నమ్మలేదు."

లోపల్నుంచి వాళ్లమ్మ ముసలమ్మ పిలిచింది. ధనరాజు పెళ్లాం సీతాలు ఒక మూల గోడకి తిరిగి పడుకుని ఉంది. ముసలమ్మ చాప పరిచి, వాగ్దేవిని కూర్చోమని, వాడు వెళ్లిన దారి ఇందులో ఉందంట కదా, చూపించు తల్లీ అంది. వాగ్దేవి లాప్‌టాప్ తెరిచి ఒళ్లో పెట్టుకుంది. ముసలమ్మ దగ్గరికి జరిగి, చూపుడువేలు మొగ దగ్గర ఆనించి, ఒక్కో చుక్కా తడుముకుంటూ పైకి వెళ్లింది. ఖాళీ వచ్చిన చోట వేలు ఆగింది.

"ఇక్కడ లేడేటి?"

"ఉన్నాడమ్మా. డబ్బాని గుండెలకి పట్టుకున్నాడు. అది మునిగితే చుక్క పడదు."

ముసలమ్మ ఆ ఖాళీ మీదే వేలు ఉంచి కొడుకుని నిమిరినట్టు నిమిరింది. మళ్లీ కదిలింది. ఖాళీలన్నీ అయిపోయి చుక్కలు వరసగా మొదలైన చోటికి వచ్చాక వేలు తనంతట తనే వెనక్కి తీసుకుంది. నెమ్మదిగా అంది.

"అయితే ఇయ్యన్నీ అప్పుడే నీకు అగుపడతనే ఉన్నాయా తల్లీ? ఆడు బతికుండగా?"

"అగుపడేవే" అంది వాగ్దేవి. "నేనే తీసేశాను."

సీతాలు గోడ వైపునుంచి ఇటు తిరిగి ఒక్కసారి చూసింది, మళ్లీ అటే తిరిగింది. ముసలమ్మ లేచి, దేవుడి గూటి పక్కనున్న డబ్బా తెమ్మని పైడన్నకి చెప్పింది. పోలీసులు తిరిగిచ్చేశారట. కడిగి, తుడిచి, పెట్టారు.

"ఆడు నీ చేతికి ఇద్దారనే ఎత్తినాడు. ఇది మా ఇంట ఉండకూడదు. అట్టుకెల్లు."

టీ ఇవ్వలేదు. డబ్బా పిడికి తాడు ముక్క ఇంకా వేలాడుతోంది. కొస ఎవరో కత్తితో కోశారు గానీ ముడి విప్పలేకపోయారు. రెండు చుట్లు తిప్పి, కొస లోపలికి దోపి, ఒక్క గుంజు గుంజిన ముడి. వాగ్దేవి దాన్ని రెండు చేతులా అందుకుంది.

బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బరంపురం చేరి ఆఫీసుకి వెళ్లి తెర తెరిస్తే తొమ్మిదో నంబరు ఇంకా కబురు పంపుతూనే ఉంది. సోనేపూర్ నుంచి బరంపురం దాకా రోడ్డు వెంబడే తిన్నగా చుక్కలు పడ్డాయి. ఈసారి ఆమె వాటిని తీసేయలేదు.