తీనో గుండు ఎందుకు వద్దంటున్నాడు?

దామియాన్ ఎచెపారేకి అనుమానం రావడానికి కారణం అక్కర్లేదు. ముందు అనుమానం వస్తుంది, కారణం తీరిగ్గా వెతుక్కుంటాడు. రిఫరీ నవ్వితే అనుమానం, నవ్వకపోతే మరీ అనుమానం. ఇంట్లో భార్య రొమీనా ఒక మాంసం ముక్క ఎక్కువ వేయించి పెట్టినా "ఏంటివాళ విశేషం?" అని కళ్లు చిన్నవి చేసే రకం. అలాంటి మనిషి పద్దెనిమిదేళ్లుగా మొలీనో క్లబ్బుకి బాస్కెట్‌బాల్ ఆడుతున్నాడు, అందులో సగం కాలం కెప్టెన్‌గానే. బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే బహియా బ్లాంకా ఊళ్లో కెప్టెన్ అంటే ఏమనుకున్నారు? గెలిచిన మర్నాడు రొట్టెల కొట్టువాడు డబ్బులు తీసుకోడు. ఓడిన మర్నాడు రొట్టె ఇవ్వడు.

దామియాన్‌కి ముప్పై ఎనిమిది నిండిన ఏడాదే తీనో వచ్చిపడ్డాడు. అసలు పేరు ఫౌస్తినో. పక్కనున్న దొర్రేగో ఊరి నుంచి వచ్చాడు. పదహారేళ్లు. ఇంత పొడుగు, నెత్తి మీద గొర్రెపిల్లకున్నట్టు ఉంగరాల జుట్టు. ఈ మధ్య ఏ క్లబ్బులో చూసినా ఇదే వరస. మూతి మీద మీసం మొలవనివాళ్లని తెచ్చి గడ్డాలున్న మగాళ్ల మధ్య నిలబెట్టడం, నాలుగు ఆటలు ఆడించడం, స్పెయిన్ క్లబ్బులకి అమ్మి సాగనంపడం. ఒకప్పుడు పిల్లలు పెద్దవాళ్ల సంచులు మోసి మోసి ఇరవై ఏళ్లకి కానీ మైదానంలో కాలు పెట్టేవాళ్లు కాదు. ఇప్పుడు పెద్దవాళ్లే వాళ్ల సంచులు మోసే రోజులొచ్చాయని దామియాన్ బాధ. పైగా తీనో ఆడేది సరిగ్గా దామియాన్ స్థానంలోనే. బంతి తెచ్చేదీ, ఆట నడిపేదీ ఆ స్థానంలో ఆడే ఒక్కడే. ఆ చోట ఇద్దరికి జాగా లేదు.

"వీడికి పదహారేంటి? వీడికి పదహారైతే నాకు పాతిక" అన్నాడు మొదటి వారంలోనే, కోచ్ నేస్తోర్‌తో. ఇద్దరూ ఒకప్పుడు కలిసి ఆడినవాళ్లు.

"ఒరేయ్ దామీ, మొన్న వాళ్ల పంతులమ్మ ఫోన్ చేసి లెక్కలు చేయించకుండా పంపావని నన్ను తిట్టింది. నీకు వయసు మీద అనుమానముంటే వెళ్లి ఆవిణ్ణి అడుగు. నాకైతే ధైర్యం లేదు" అన్నాడు నేస్తోర్.

దామియాన్ అప్పటికి నోరు మూశాడు. నోరే మూశాడు.

ఓ శుక్రవారం నేస్తోర్ ఆట చివర్లో తీనోని దింపాడు, దామియాన్ని కూర్చోబెట్టి. తీనో ఒకవైపు చూస్తూ ఇంకోవైపు బంతి విసిరాడు. అది ఎవరి చేతిలో పడాలో వాళ్ల చేతిలోనే పడింది. అంతే, స్టేడియం స్టేడియమంతా లేచి నిలబడింది. దామియాన్ కూడా చప్పట్లు కొట్టాడు, చేతులకి నొప్పి పుడుతుందేమో అన్నంత మెల్లగా.

ఆట అయ్యాక ఒక ఆనవాయితీ ఉంది. మొదటిసారి పెద్దవాళ్ల జట్టులో ఆడినవాడికి ఆ సాయంత్రమే బట్టల గదిలో గుండు కొడతారు. మొక్కూ లేదు, ముడుపూ లేదు. ఇవాళ్టి నుంచి నువ్వు మావాడివి అని చెప్పడం, అంతే. గుండు కొట్టే మిషన్ పట్టుకునేది కెప్టెన్. దామియాన్‌కీ కొట్టారు, నేస్తోర్‌కీ కొట్టారు, ఏడ్చినవాళ్లున్నారు కానీ వద్దన్నవాడు లేడు.

తీనో వద్దన్నాడు.

"ఎల్లుండి కాదు, పై ఆదివారం ఆట అయ్యాక కొట్టండి కెప్టెన్. గుండే కాదు, కావాలంటే కనుబొమ్మలు కూడా తీసేయండి" అన్నాడు, తల వెనక చెయ్యి అడ్డం పెట్టుకుని. అని ఊలు టోపీ లాక్కుని గబగబా వెళ్లిపోయాడు.

ఆదివారమే ఎందుకు? దామియాన్ ఆ రాత్రి అన్నం దగ్గర కూడా అదే పైకి గొణుగుతూ నమిలాడు. ఆదివారం ఆట చూడ్డానికి స్పెయిన్ క్లబ్బు మనుషులు వస్తున్నారు. అంటే ఫొటోల కోసం జుట్టు దాచుకుంటున్నాడు. అంటే వీడి బేరం అయిపోయింది. అంటే మనం వీడికి రైల్వే ప్లాట్‌ఫారం లాంటివాళ్లం, మనతో చుట్టరికం అక్కర్లేదు. అంటే నేస్తోర్‌కి ఇదంతా తెలుసు.

"నాలుగు 'అంటే'లు అయ్యాయి. ఇంకెన్ని ఉన్నాయి?" అంది రొమీనా మాతే అనే ఆకు టీ గిన్నెలో వేడినీళ్లు పోస్తూ.

"నీకు నవ్వులాటగా ఉంది."

"నవ్వులాట కాదయ్యా, జాలి. వాడొచ్చాక నీ చోటు పోతుందని నీకు భయం. ఆ మాట అనడానికి నోరు రాక ఆ పిల్లాడి జుట్టు మీద పడ్డావు."

అది నిజం. నిజం కాబట్టే దామియాన్‌కి కోపం వచ్చింది. ఆ బంతి లేకపోతే తను ఎవడు? ఈ మాట అడుక్కోవడానికే అతనికి వణుకు. లేచి వెళ్లి పడుకున్నాడు. నిద్ర మాత్రం రాలేదు.

మంగళవారం సాధన మధ్యలో తీనో నీళ్లకని వెళ్లాడు. ఎంతకీ రాలేదు. దామియాన్ వెనకే వెళ్లి చూశాడు. చూడకుండా ఎలా ఉంటాడు! నడవా చివర కుర్రాడు గోడకి ఆనుకుని, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. పెదాలు బూడిద రంగులో ఉన్నాయి. అలికిడికి ఉలిక్కిపడి లేచి, "షూ తాడు కట్టుకుంటున్నా" అన్నాడు. షూ తాడు కట్టే ఉంది.

దామియాన్ సరాసరి నేస్తోర్ దగ్గరికెళ్లాడు. "జుట్టు దాచుకున్నప్పుడే చెప్పాను కదా. వీడేవో మాత్రలు మింగుతున్నాడు. బేరం కుదిర్చే ఏజెంటు ఇస్తున్నాడేమో. మొహం చూడు, పీక్కుపోయింది."

నేస్తోర్ ఈల నోట్లోంచి తీశాడు. "దామీ, నీకు దండం పెడతాను. పిల్లాణ్ణి బతకనివ్వు."

ఆ మాట దామియాన్‌కి ఎక్కడో తగిలింది. సరే, నేనే తేలుస్తాననుకున్నాడు. గురువారం సాధన అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి, బట్టల గది తలుపు గడియ పెట్టాడు. లోపల ఇద్దరే. దామియాన్ చేతిలో మిషన్.

"కూర్చో."

"ఆదివారం అన్నాను కదా కెప్టెన్..."

"ఇక్కడ వారాలు నిర్ణయించేది నేను. కూర్చోరా."

తీనో తలుపు వైపు ఒక అడుగేశాడు. దామియాన్ భుజం పట్టి బల్ల మీద కూలేసి, టోపీ పీకి అవతల పారేసి, చెవి పక్కనుంచి మిషన్ పెట్టాడు. ఉంగరాలు ఉంగరాలుగా జుట్టు కింద పడింది. కుర్రాడు మొదట గింజుకున్నాడు, తర్వాత గింజుకోవడం మానేశాడు. మిషన్ తల వెనక్కి వచ్చింది. అక్కడ జుట్టు కింద, ఎర్రగా ఉబ్బిన చర్మం మీద నల్లదారంతో వేసిన కుట్లు కనిపించాయి.

దామియాన్ మిషన్ ఆపాడు.

"ఏంటిది?"

"జారిపడ్డాను."

"ఎక్కడ?"

"స్నానాల గదిలో."

"ఎప్పుడు?"

"పోయిన వారం బుధవారం పొద్దున్న. పార్కులో పరిగెడుతుంటే..."

"స్నానాల గది పార్కులోకి ఎప్పుడొచ్చిందిరా?"

తీనో మొహం చేతుల్లో దాచుకున్నాడు. "పరిగెడుతున్నాను అన్నా. అంతవరకే తెలుసు. తర్వాత కుక్కని తిప్పుకునే ముసలాయన ఎవరో మొహం మీద నీళ్లు కొడుతున్నాడు. ఆయనే తీసుకెళ్లి కుట్లు వేయించాడు."

"రాయి తగిలిందా? కాలు మెలికపడిందా?"

"తెలీదు. పడటం గుర్తులేదు."

దామియాన్ మిషన్ బల్ల మీద పడేసి పక్కనే కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్లలో తను పడ్డ పాట్లన్నీ అతనికి గుర్తే. ఎవడి మోచెయ్యి తగిలిందో, ఏ ఊళ్లో తగిలిందో, ఎవడు చూడనట్టు నటించాడో అన్నీ అప్పచెబుతాడు. ఆటగాడన్నవాడు పడటం మర్చిపోడు. చిన్నప్పుడు ఒక్కసారి మాత్రం, ఎదుటి జట్టు కుర్రాడొకడు ఎవరూ తాకకుండానే మైదానం మధ్యలో కుప్పకూలడం చూశాడు. వాడు మళ్లీ లేవలేదు. డాక్టర్లు గుండె అన్నారు.

"ఆదివారం ఒక్క ఆట ఆడనివ్వండి అన్నా. తర్వాత మీరు ఏ డాక్టర్ దగ్గరికి రమ్మంటే అక్కడికి వస్తా. అమ్మకి చెప్పొద్దు" అన్నాడు తీనో.

సరిగ్గా అప్పుడు దామియాన్ మనసులో ఒక పాడు సంతోషం తలెత్తింది. వీడు ఆడకపోతే నా చోటు నాకే ఉంటుంది. ఛీ, ఏం పుట్టుక నాది, అనుకున్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కుర్రాడి చెయ్యి పట్టుకుని, సగం గుండుతోనే, క్లబ్బు క్యాంటీన్‌కి లాక్కుపోయాడు.

అక్కడ నేస్తోరూ క్లబ్బు ప్రెసిడెంటూ పేకాడుకుంటున్నారు. దామియాన్ ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పాడు. నేస్తోర్ ముక్కలు బోర్లించి తీనో వైపు తిరిగాడు.

"నిజమేనారా?"

తీనో నేల చూపులు చూస్తూ, "అల్మారా తలుపు తగిలింది కోచ్" అన్నాడు.

"నాతో ఏం చెప్పావురా ఇప్పుడు?" దామియాన్ అరిచాడు.

"నేనేమీ చెప్పలేదు. బలవంతంగా గుండు కొట్టబోయారు, అంతే."

"చూడు దామీ" అన్నాడు నేస్తోర్, మెత్తగానే. "మొదట వయసన్నావు. తర్వాత జుట్టన్నావు. మొన్న మాత్రలన్నావు. ఇవాళ గుండె. రేపు వీడికి తోకుందంటావు. ఇంటికెళ్లి పడుకో."

"ఆదివారం స్పెయిన్ వాళ్లొస్తున్నారు. నీ ఏడుపు ఇంట్లో ఏడువు" అన్నాడు ప్రెసిడెంటు.

దామియాన్‌కి రెండు బూతులు నాలిక చివరిదాకా వచ్చాయి. కానీ వెనక్కి మింగేశాడు. ఎందుకంటే వాళ్ల తప్పేముంది? వాళ్ల చోట తనుంటే తనూ నమ్మడు. అసలు అందరికంటే ముందు నమ్మనివాడు తనే. ఇలాంటి మాట ఎవడైనా తెస్తే తను మొదట అడిగేది ఒకటే: ఇందులో నీకేంటి లాభం?

ఫోన్ తీశాడు. ప్రతి ఆట తర్వాత తనని విసిగించే రేడియో వాడికి, అందరికీ వినబడేలా, మాట రికార్డు చేసి పంపాడు. "దామియాన్ ఎచెపారేని. ఇవాళ్టితో ఆట మానేశాను. ఆదివారం లేదు, ఇంకెప్పుడూ లేదు. ఇప్పుడే చెప్పుకో ఊరందరికీ."

ప్రెసిడెంటు చేతిలో ముక్కలు బల్ల మీద పడేశాడు.

"పిచ్చెక్కిందా నీకు?" అన్నాడు నేస్తోర్ లేచి.

"ఇప్పుడు చెప్పు. వీడు ఆడకపోతే నాకేం వస్తుంది? ఏమీ రాదు. ఇప్పుడైనా నా మాట విను. పడటం గుర్తుందేమో అడుగు వాణ్ణి. అదొక్కటి అడుగు."

నేస్తోర్ కుర్రాడి దగ్గరికెళ్లి, ఆ కుట్లని మొదటిసారి దగ్గరగా చూశాడు. "తీనో, పడటం గుర్తుందా నాన్నా?" తీనో మళ్లీ అల్మారా అనబోయి, తల అడ్డంగా ఊపాడు. నేస్తోర్ తన టోపీ తీసి బల్ల మీద పెట్టి, డాక్టర్‌కి ఫోన్ చేశాడు.

ఇంటికెళ్లేసరికి రేడియోలో అదే గోల. కుర్రాడి మీద కుళ్లుకుని మానేశాడని ఒకడు, కాదు కోచ్ తన్ని తగలేశాడని ఇంకొకడు. రొమీనా రేడియో కట్టేసి, "నాకంటే ముందు రేడియోవాడికి చెప్పావా?" అంది. అని, దగ్గరికొచ్చి అతని తల తన భుజం మీద పెట్టుకుంది. దామియాన్ పసివాడిలా ఏడ్చాడు.

మర్నాడు ఆసుపత్రిలో తీనో ఛాతీకి వైర్లు తగిలించారు, తర్వాత తెర మీద గుండెని చూశారు. డాక్టరమ్మ నేస్తోర్‌ని, దామియాన్ని పక్కకి పిలిచింది. గుండె గోడ ఉండాల్సిన దానికంటే చాలా మందంగా ఉందట. పుట్టుకతో వచ్చేదట. "పరిగెత్తితే ఏ పరుగు ఆఖరిదో నేను చెప్పలేను. మందులున్నాయి, బతుకుంది. ఆట మాత్రం లేదు" అంది. నేస్తోర్ తీనో వాళ్లమ్మకి ఫోన్ చేయడానికి బయటికెళ్లాడు. వెళుతూ దామియాన్ చెయ్యి గట్టిగా నొక్కాడు.

తీనో నడవాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. తలకి ఒకవైపు ఉంగరాల జుట్టు, ఇంకోవైపు బోడి. డాక్టరమ్మ వాడికి ముందే చెప్పేసింది. దామియాన్ పక్కన కూర్చుంటే వాడు జరగలేదు, తలెత్తలేదు.

"ఇప్పుడు సంతోషమేనా కెప్టెన్?"

"నేనూ మానేశాను కదరా" అన్నాడు దామియాన్.

తీనో తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మీరు పద్దెనిమిదేళ్లు ఆడి మానేశారు. నేను తొమ్మిది నిమిషాలు ఆడాను."

"అవును నాన్నా" అన్నాడు దామియాన్. తీనో మొహం గోడ వైపు తిప్పుకుని వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టాడు. వాళ్లమ్మ బస్సు దొర్రేగో నుంచి రావడానికి ఇంకా గంట పడుతుంది. వెక్కినప్పుడల్లా కుర్రాడి చొక్కా వీపు మీద పైకి లేచి, మళ్లీ కిందికి దిగుతోంది. దామియాన్ దాన్నే చూస్తూ కూర్చున్నాడు.