కింది వరుస సీసాలు

పుష్పావతి పదమూడో సీసా మూత తీసి, పన్ను జారిపోకుండా బొటనవేలు అడ్డం పెట్టి, పాత నీళ్ళు సింకులో వంపింది. జగ్గులోంచి కొత్తవి పోసింది. వాటి అసలు పేరు కృత్రిమ లాలాజలం. ఆమె మాత్రం దొంగ ఉమ్మి అంటుంది. ఆ ల్యాబు నడిపే పళ్ళ డాక్టర్ శ్రీనివాసమూర్తి ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు కళ్ళజోడు తీసి మరీ నవ్వాడు.

ఇరవై నాలుగు సీసాలు, సీసాకొక పీకిన పన్ను. పై వరుస పన్నెండింటికీ పెప్టైడ్ మందు వేశారు. కింది వరుసకు వేయలేదు. ఆ మందు చుక్క అరిగిన చోట పడితే సాలీడు గూడులా అల్లుకుంటుందట. ఆ అల్లికను పట్టుకుని ఉమ్మిలోని సున్నం పేరుకుంటే పన్ను మళ్ళీ గట్టిపడుతుందట. కింది వరుసలో పంతొమ్మిదో సీసాలోని దవడపన్ను పుష్పావతిదే. పోయినేడు పీకించుకున్నప్పుడు డాక్టర్ అడిగితే ఇచ్చేసింది.

ల్యాబులో ఊడ్చి తుడిచే యాభై రెండేళ్ళ మనిషి. పొట్టిగా ఉంటుంది, ఫినాయిలుకు వేలికొసల చర్మం లేచిపోయింది. పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు గీతలు. బేతమంగళ దగ్గరి ఆమె పల్లెలో చెరువు కనుచూపు మేరలోనే ఉన్నా తాగేది మాత్రం వెయ్యడుగుల బోరు నీళ్ళే. ఆ నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళందరి పళ్ళూ అంతే. పుష్పావతి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. ఆమె కూతురు భూమిక బెంగుళూరు దారిలోని నరసాపురంలో బండ్ల ఫ్యాక్టరీకి పోతుంది, దుమ్ము లేని చోట కూడా మాస్కు తీయదు. ఇరవై ఏళ్ళ పిల్ల పెదవులు బిగించుకుని ఫోటో దిగుతుంది. ఈ మందు పిల్ల పళ్ళకూ పనికొస్తుందేమోనని ఈ సీసాలంటే తల్లికంత ప్రాణం.

పదకొండింటికి డాక్టర్ పళ్ళ గట్టిదనం కొలిచే యంత్రం ముందు నుంచి లేచి వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

"కింది వరుస పండ్లు గూడా గట్టిపడినాయి పుష్పావతమ్మా. మందు ఏసినా ఒకటే, ఏయకపోయినా ఒకటే. ఇంగ ఈ పని ఆపేస్తామని రేపు బెంగుళూరు ఆఫీసుకు రాసేస్తా."

"ఇంగ ఎవురికీ ఎయ్యరా సార్ ఈ మందు?"

"పని చేయని మందు ఎవరికి ఏసేది?"

పుష్పావతి చేతిలోని జగ్గు కింద పెట్టేసింది. సంగతి ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. ఆదివారాలు ఆమె ఒక్కతే వస్తుంది. శనివారం కలిపిపెట్టిన ఉమ్మి పై వరుసకే సరిపోయేది, స్టోరుకు తాళం. పళ్ళు ఎండితే పనికిరావని చెప్పింది డాక్టరే. అందుకని ఐదు ఆదివారాలు తన సీసాలోని తాగే నీళ్ళు కింది వరుసకు పోసింది.

మధ్యాహ్నం అన్నం గిన్నె తెరిచి కూర్చుంది. చెబితే పని పోతుంది, అందులో అనుమానం లేదు. ఫ్రిజ్ తీగ పొరపాటున లాగినందుకే ఇంతకు ముందున్న రత్నను కాంట్రాక్టరు మర్నాడు రావద్దన్నాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఎవరి పనీ పోదు, మందు ఒక్కటే పోతుంది. పుష్పావతి ముద్ద పక్కన పెట్టి భూమిక ఫోటో ఫోనులో చాలాసేపు చూసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

నాలుగింటికి డాక్టర్ బల్ల మీద తన నీళ్ళ సీసా పెట్టింది.

"ఆదివారాలు కింది వరుసకు ఈ నీళ్ళు పోసినాను సార్. మా బోరువి."

ఆయనకు మొదట అర్థం కాలేదు. అయ్యాక ముఖం ఎర్రబడింది. "నలభై రోజుల పని! ఈ మందు తెప్పించేదానికే ఏడాది పట్టింది. ఎందుకు పోసినావు?"

"ఆ పండ్లన్నీ ఈ నీళ్ళు తాగి పెరిగినవే గదా, ఏం చేస్తాయిలే అనుకున్నా."

డాక్టర్ సీసాను వెలుతురుకు పెట్టి చూశాడు. గొంతు తగ్గించాడు. "బిడ్డలకు పండ్లు తయారయ్యే వయసులో చెడగొట్టే ఫ్లోరైడే ఇది. ఊడొచ్చిన పంటికైతే పైపొర గట్టి చేస్తాది. మందు తప్పు కాదు. మళ్ళీ మొదటి నుంచి చేయాల."

"ఆపరు గదా?"

"ఆపను. ఇది కాగితం మీద రాయక తప్పదు. నిన్ను ఉంచమని నేనడిగినా కాంట్రాక్టరోళ్ళు వినరమ్మా."

"తెలుసు సార్."

చీపురు, బకెట్టు వాటి చోట పెట్టింది. గుర్తింపు కార్డు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది. గుమ్మం దగ్గర డాక్టర్ పిలిచి ఆమె పన్ను తీసుకుపోతావా అని అడిగాడు.

"ఈడే ఉండనీ సార్. ఈసారి పై వరుసలో పెట్టండి." నవ్వొచ్చింది, చెయ్యి అలవాటుగా కొంగు కోసం పైకి లేచింది.

బేతమంగళ బస్సు ఆమెను ఎక్కించుకుని ఐదింటికి వెళ్ళిపోయింది. మర్నాడు కింది వరుస పళ్ళన్నీ పారేయించారు. పై వరుస చివర, పన్నెండో సీసా పక్కన, గోధుమరంగు గీతలున్న దవడపన్ను ఒకటి కొత్త ఉమ్మిలో మునిగి ఉంది.