నిలవ నీళ్ళకు బాగిన

మహదేవపుర దాటాక మా చెరువు ఉంది. ఉంది అనడం నా మొండితనం. పైనుంచి వచ్చే వాన నీళ్ళు పెద్ద చిత్తడి నేలలో ఆగి, నెమ్మదిగా చెరువులోకి దిగేవి. ఆ చిత్తడి నడుమ మట్టి పోసి రోడ్డు వేశారు. నీళ్ళు దాటడానికి పైపులు పెట్టామన్నారు. పెట్టారు, మనిషి నడుమెత్తున. నీళ్ళు ఎగిరి దూకుతాయనుకున్నారు కాబోలు.

ఈ ఏడు వానలు బాగానే పడ్డాయి. రోడ్డుకు పైపక్క నీళ్ళు నిలిచిపోయాయి, కిందపక్క చెరువు నెర్రెలిచ్చింది. చెరువంచు పచ్చిగడ్డి కోసుకొచ్చి మా అమ్మ సొన్నమ్మ ఆవుల్ని సాకేది. గడ్డి పోయాక ఆవుల్ని ఒక్కొక్కటే అమ్ముకున్నాం. మిగిలిన ఒక్క ఎర్రావుకు ఎముకలు తేలాయి.

అంతలో ఆదినారాయణప్ప దిగాడు. రోడ్డు తెప్పించింది తానేనని చెప్పుకు తిరిగే నాయకుడు ఆయన. చెరువు నిండితే ముత్తయిదువలు చేటలో బియ్యం, పప్పు, బెల్లం, గాజులు పెట్టి గంగమ్మకు బాగిన వదలడం ఇక్కడి ఆచారం. మొదటి చేట మా ఇంటిదే. కారులోంచి చూసిన ఆ పెద్దమనిషికి రోడ్డు పక్క నీళ్ళే చెరువనిపించాయి. బాగినకు రమ్మని అమ్మను పిలిపించాడు.

"అది చెరువు కాదప్పా" అంది అమ్మ.

"నీళ్ళుండాయి కదమ్మా, ఇంకేం కావల్ల?"

మేళం వాయించారు, ఫోటోలు తీసుకున్నారు. ఊరి ముందు కాదనలేక అమ్మ చేట వదిలింది. అది రెండు గజాలు పోయి ప్లాస్టిక్ కవర్ల మధ్య ఆగింది. బాగిన పారే నీళ్ళతో సాగిపోవాలి. ఈ నీళ్ళకు పోయే దారేదీ? ఆదినారాయణప్ప కర్రతో నెడితే తిరిగి ఆయన కాళ్ళ దగ్గరికే వచ్చింది.

"గంగమ్మ తీసుకునింది" అని తానే చెప్పి కారెక్కాడు.

అందరూ వెళ్ళాక అమ్మ చీర ఎగ్గట్టి నీళ్ళలోకి దిగి చేట తీసుకుంది. గంగమ్మకు ఇచ్చింది వెనక్కి తీసుకోవడం మా ఇంట్లో ఎన్నడూ లేదు.

"వద్దమ్మా, పాపం తగుల్తాది" అన్నాను.

అమ్మ చేట చంకన పెట్టుకుని నడిచింది. ఇంటికొచ్చి గాజులు ఏరి పక్కన పెట్టింది. నానిన బియ్యం, పప్పు, బెల్లం ఆవు ముందుకు తోసింది.

"గంగమ్మ ఆడ లేదు మోహనా. యాడ దాచినారో ఆ రోడ్డేసినోళ్ళని అడుగు పో. దీన్ని తిననీ."

బియ్యం అయిపోయాక ఆవు చేటను నమలడం మొదలుపెట్టింది.